గర్భసంచి తీసేసినా తగ్గని రక్తహీనత: అన్నం తినే ఇంట్లో ఒక సీలియాక్ కేసు

రోగి వయసు 41. ఊరు మంగళగిరి. చీరల షాపులో లెక్కలు రాస్తారు. విజయవాడలో మా ఓపీకి వచ్చేనాటికి హిమోగ్లోబిన్ 7.4. నీరసం, మెట్లెక్కితే ఆయాసం, జుట్టు రాలడం, నెలకోసారైనా నోటి పూత, మోకాళ్ళ కింద ఎముకల్లో నొప్పి, తిన్న గంటకు పొట్ట ఉబ్బరం. విరేచనాలు లేవు. పైగా మలబద్ధకం. మనిషి సన్నగా కూడా లేరు, బీఎంఐ 24. సీలియాక్ అంటే గోధుమలాంటి ధాన్యాల్లోని గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక చిన్నపేగు దెబ్బతినే జబ్బు. ఆమె అనుమతితో, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చి ఈ కేసు రాస్తున్నాను.

ఫైలు లావుగా ఉంది. అందులో పదేళ్ళ రక్తపరీక్షలు ఉన్నాయి. ముప్పై దాటినప్పటి నుంచి హిమోగ్లోబిన్ 9, 10 మధ్య ఆడుతోంది. బహిష్టు ఎక్కువగా అవుతోంది, అందుకే రక్తం తక్కువ అని అందరూ అనుకున్నారు. అలా అనుకోవడంలో వింతేమీ లేదు, ఈ వయసు ఆడవాళ్ళలో ఐరన్ లోపానికి అదే మొదటి కారణం. 37వ ఏట గర్భసంచి తీశారు. దేశంలో ఈ ఆపరేషన్ చేయించుకున్న మహిళలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ముందు వరుసలో ఉంది కాబట్టి ఆ నిర్ణయం కూడా ఎవరికీ విచిత్రంగా అనిపించలేదు. ఆపరేషన్‌కు ముందు రక్తం ఎక్కించారు, తర్వాత హిమోగ్లోబిన్ 10.8కి వెళ్ళింది. ఆ తర్వాత మళ్ళీ దిగడం మొదలైంది.

ఆ ఫైల్లో నన్ను ఆపింది ఈ విషయమే. బహిష్టే లేని మనిషికి ఫెర్రిటిన్ 4 ఎందుకు ఉంటుంది? ఫెర్రిటిన్ అంటే ఒంట్లో దాచుకున్న ఐరన్ ఎంతుందో చెప్పే లెక్క. 4 అంటే డబ్బా అడుగంటినట్టే. ఎర్ర రక్తకణాల సగటు సైజు చెప్పే ఎంసీవీ 64, అంటే కణాలు చిన్నవి. పుట్టుకతో వచ్చే హిమోగ్లోబిన్ లోపం, తలసీమియా, స్వల్పంగా ఉందేమోనని అంతకుముందే చేసిన హిమోగ్లోబిన్ పరీక్షలో ఏమీ లేదు.

ఐరన్ తగ్గడానికి దారులు ప్రధానంగా మూడు. సరిగ్గా తినకపోవడం, రక్తం పోవడం, తిన్నది ఒంటికి పట్టకపోవడం. ఆమె తోటకూర, పప్పు, వారానికి రెండుసార్లు మాంసం తింటారు. మలంలో రక్తం జాడ లేదు, ఏడాది కిందటి కొలనోస్కోపీ నార్మల్. అప్పుడే చేసిన ఎండోస్కోపీ రిపోర్టులో ‘స్వల్ప గ్యాస్ట్రైటిస్’ (కడుపు లోపలి పొర వాపు) అని ఉంది. బయాప్సీ, అంటే పరీక్షకు పేగు ముక్క, తీయలేదు. ఇక మిగిలింది మూడోది.

ఐరన్ మాత్ర ఎలా వేసుకుంటున్నారని అడిగాను. ‘పొద్దున టిఫిన్ అయ్యాక టీతో వేసుకుంటాను మేడం’ అన్నారు. దానికి తోడు గ్యాస్ మాత్ర, పాంటప్రజోల్, నాలుగేళ్ళుగా రోజూ. టీ ఐరన్‌ను పట్టేస్తుంది, పాంటప్రజోల్ కడుపులో ఆమ్లం తగ్గించి ఐరన్‌ను మరింత అడ్డుకుంటుంది. మన దగ్గర పనిచేయని ఐరన్ మాత్రల్లో చాలా వాటి కథ ఇదే. కానీ ఎముకల నొప్పి, నోటి పూత, కొద్దిగా పెరిగిన లివర్ ఎంజైములు (ఏఎల్‌టీ 68, ఏఎస్‌టీ 61) టీ లెక్కలో సరిపోవు. మద్యం అలవాటు లేదు, స్కానింగ్‌లో కొవ్వు లేదు, హెపటైటిస్ పరీక్షలు నెగటివ్. విటమిన్ డి 9, చాలా తక్కువ. ఫోలేట్ తక్కువ. బి12 మాత్రం నార్మల్. టీఎస్‌హెచ్ 7.8, అంటే థైరాయిడ్ మందగిస్తోంది, థైరాయిడ్ యాంటీబాడీలు పాజిటివ్.

ఈ జాబితాలో బి12 నార్మల్‌గా ఉండటం నాకు చాలా ఉపయోగపడింది. ఐరన్ పీల్చుకునేది చిన్నపేగు మొదట్లో, అంటే డుయోడినంలో. ఫోలేట్ ఆ పైభాగంలోనే, దాని తర్వాతి భాగంలో. బి12 అయితే చిన్నపేగు చిట్టచివర. మొదటిది పోయి చివరిది నిలబడిందంటే దెబ్బ పైభాగంలో ఉందని అర్థం. దానికి ఆటోఇమ్యూన్ థైరాయిడ్ (సొంత రోగనిరోధక శక్తే థైరాయిడ్‌ను దెబ్బతీయడం) తోడైతే, అదే తరహా జబ్బయిన సీలియాక్ పేరు నోటికి రావాలి.

మన దగ్గర రాదు. కారణం, మనం అన్నం తినేవాళ్ళం. సీలియాక్ పంజాబ్, హర్యానా వాళ్ళ జబ్బని మెడికల్ కాలేజీలోనే మనసులో పడిపోతుంది. 2016లో అచ్చయిన, దేశంలో మూడు ప్రాంతాల్లో జరిగిన ఒక సర్వే ఇందులో కొంత నిజమేనని చెప్పింది. సీలియాక్ యాంటీబాడీలు ఉత్తరాదిన 1.23 శాతం మందిలో కనిపిస్తే దక్షిణాదిన 0.10 శాతం మందిలోనే కనిపించాయి. అయితే అదే సర్వేలో ఇంకో రెండు సంగతులున్నాయి. ఈ జబ్బుకు దారి తెరిచే హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2, డీక్యూ8 జన్యువులు రెండు చోట్లా దాదాపు సమానంగా, మూడో వంతుకు పైగా జనంలో ఉన్నాయి. తేడా ఉన్నది తినే గోధుమలో. ఉత్తరాదిన మనిషికి రోజుకు సుమారు 455 గ్రాములు, దక్షిణాదిన 25 గ్రాములు. అంటే నేల సిద్ధంగానే ఉంది, విత్తనం తక్కువ పడుతోంది, అంతే.

అందుకే ఆమెను ఇంట్లో తిండి ఎప్పుడు మారిందని అడిగాను. ఐదేళ్ళ కిందట భర్తకు షుగర్ బయటపడింది. అప్పటి నుంచి రాత్రి అన్నం బంద్, చపాతీ. ‘ఆయనకెలాగూ చేస్తాను, మళ్ళీ నా ఒక్కదానికి అన్నం ఎందుకని నేనూ అవే తినేదాన్ని. అప్పటి నుంచే గ్యాస్ ఎక్కువైంది. నీరసానికని పొద్దున పాలల్లో మాల్ట్ పొడి కూడా తాగుతున్నాను’ అన్నారు. ఆ మాల్ట్ పొడిలో గోధుమ, మొలకెత్తిన బార్లీ రెండూ ఉంటాయి. నీరసం పోవడానికి తాగేదే నీరసాన్ని పెంచుతోంది. ఫైల్లో తారీఖులు కూడా దీనికి సరిపోయాయి. హిమోగ్లోబిన్ 9 నుంచి 7లోకి జారింది చపాతీలు వచ్చాకే.

(షుగరంటే రాత్రి చపాతీ అనే రూలు మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎవరు పెట్టారో గానీ, నాలుగు చపాతీలు తింటే షుగర్ అన్నానికి పెరిగినట్టే పెరుగుతుంది. పళ్ళెంలో ఎంత ఉందన్నదే ముఖ్యం.)

పరీక్షలు

సీలియాక్ యాంటీబాడీలను కొలిచే టీటీజీ ఐజీఏ, దాంతో పాటు మొత్తం ఐజీఏ (ఆ రకం యాంటీబాడీలన్నీ కలిపి) పంపాం. రెండోది ఎందుకంటే కొందరికి పుట్టుకతోనే ఐజీఏ ఉండదు. వాళ్ళలో జబ్బున్నా టీటీజీ ఐజీఏ నెగటివ్ అని వస్తుంది. ఈమెకు మొత్తం ఐజీఏ బాగానే ఉంది. టీటీజీ, ల్యాబు హద్దు 20 అయితే, 200 దాటింది.

రిజల్టు వచ్చేదాకా గోధుమ మానొద్దని గట్టిగా చెప్పాను. ఇది మామూలు మనిషికి విడ్డూరంగా ఉంటుంది. కానీ గోధుమ ఆపేస్తే యాంటీబాడీలు దిగిపోతాయి, పేగు మానడం మొదలవుతుంది, జబ్బు ఉందో లేదో తేలదు. యూట్యూబ్ చూసి ముందే గోధుమ మానేసి, ఆ తర్వాత పరీక్షకు వచ్చేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. వాళ్ళకు మళ్ళీ రోజుకు ఒకటి రెండు చపాతీలు కొన్ని వారాలు తినిపించి పరీక్ష చేయాలి. అది వాళ్ళకూ నరకమే, మాకూ టెన్షనే.

ఎండోస్కోపీలో డుయోడినం మడతలు తగ్గి, వాటి అంచులు రంపం పళ్ళలా గంట్లు పడి ఉన్నాయి. దాని రెండో భాగం నుంచి నాలుగు ముక్కలు, బల్బు అనే మొదటి భాగం నుంచి రెండు, కడుపు నుంచి కూడా కొన్ని తీశాం. కడుపు ముక్కలు హెలికోబాక్టర్ అనే బ్యాక్టీరియా కోసం, ఐరన్‌ను పట్టనివ్వని ఆటోఇమ్యూన్ గ్యాస్ట్రైటిస్ కోసం. రెండూ లేవు. డుయోడినం బయాప్సీ మార్ష్ 3బి. మార్ష్ అంటే పేగు ఎంత దెబ్బతిందో చెప్పే మెట్ల లెక్క. ఆరోగ్యమైన పేగు లోపలి గోడ టర్కీ టవల్‌లా పోగులు పోగులుగా ఉంటుంది. ఆ పోగులు, అంటే విల్లైలు, ఈమెలో చాలా వరకు అరిగిపోయాయి. వాటి మొదట్లో గుంటలు లోతెక్కాయి, పైపొరలో లింఫోసైట్లు అనే రోగనిరోధక కణాలు గుంపులు కట్టాయి.

టీటీజీ పది రెట్లు దాటాక బయాప్సీ ఎందుకని మా జూనియర్ అడిగాడు. పిల్లల విషయంలో యూరప్ నియమాలు కొన్ని షరతులతో బయాప్సీ లేకుండా తేల్చడానికి ఒప్పుకుంటాయి. పెద్దవాళ్ళలో, అదీ మన ప్రాంతంలో, నేను తీయిస్తాను. పేగు పోగులు అరిగిపోయే జబ్బులు మనకు ఇంకా ఉన్నాయి. జియార్డియా అనే పరాన్నజీవి ఉంది, పేగు టీబీ ఉంది, ఉష్ణదేశాల్లో వచ్చే పేగు జబ్బు ట్రాపికల్ స్ప్రూ ఉంది. ట్రాపికల్ స్ప్రూ 1960లలో వేలూరు చుట్టుపక్కల పల్లెల్లో మహమ్మారిలా వచ్చింది, ఇప్పుడు తగ్గినా పోలేదు. బయాప్సీలో అది సీలియాక్‌కు దగ్గరగానే కనిపిస్తుంది. కానీ అందులో పేగు చివరిదాకా దెబ్బతిని బి12 కూడా పడిపోతుంది, టీటీజీ పెరగదు, డాక్సీసైక్లిన్, ఫోలిక్ యాసిడ్‌తో నయమవుతుంది. ఒకదానికి యాంటీబయాటిక్ కొన్ని నెలలు, ఇంకోదానికి జీవితాంతం గోధుమ నిషేధం. జీవితాంతం అనే మాట చెప్పేముందు చేతిలో ముక్క ఉండాలి.

జబ్బు ఎలా పనిచేస్తుంది

గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ ప్రొటీన్ పూర్తిగా అరగదు. దాని ముక్కలు పేగు గోడలోకి వెళ్ళాక టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే మన సొంత ఎంజైము వాటిని కాస్త మారుస్తుంది. డీక్యూ2 లేదా డీక్యూ8 ఉన్నవాళ్ళలో రోగనిరోధక కణాలు ఆ మారిన ముక్కలను శత్రువుగా పట్టుకుని, ఆ గొడవలో పేగునే నరికేస్తాయి. ఎంజైము మీద కూడా యాంటీబాడీలు తయారవుతాయి. టీటీజీ పరీక్ష కొలిచేది వాటినే. ఇది అలర్జీ కాదు, అందుకే ఒక ముక్క తిన్నంత మాత్రాన వెంటనే ఏమీ అవ్వకపోవచ్చు. లోపల పేగు మాత్రం అరుగుతూనే ఉంటుంది.

గోధుమే కారణమని పట్టుకున్నది విల్లెమ్ డికే అనే డచ్ పిల్లల డాక్టరు. 1930ల నుంచే ఆయనకు అనుమానం. 1944-45 శీతాకాలంలో యుద్ధపు కరువుతో హాలండ్‌లో రొట్టె దొరకనప్పుడు ఆ అనుమానం బలపడింది, 1950లో దాని మీదే థీసిస్ రాశారు. అక్కడ గోధుమ మాయమై జబ్బు తగ్గితే, మన ఇళ్ళలో గోధుమ వచ్చి జబ్బు బయటపడుతోంది.

వంటింట్లో

మందుల సంగతి చిన్నదే. పేగు మానేదాకా మాత్రల ఐరన్ సరిగ్గా పట్టదు కాబట్టి ఐరన్ నరంలోకి ఇచ్చాం. ఫోలిక్ యాసిడ్, విటమిన్ డి, కాల్షియం, థైరాయిడ్ మాత్ర. పాంటప్రజోల్ మెల్లగా ఆపాం. ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్‌లో ఎముకలు పలచబడటం మొదలైనట్టు కనిపించింది, ఆస్టియోపీనియా స్థాయి. ఈ జబ్బులో ప్లీహం మందగించే అవకాశం ఉంది కాబట్టి న్యుమోకోకల్ టీకా వేశాం.

అసలు వైద్యం తిండి. ఇక్కడ అన్నం తినే ఊళ్ళో పుట్టడం అదృష్టం. లూధియానాలో ఈ జబ్బొస్తే మూడు పూటలా తిండి తలకిందులవుతుంది. మనకు అన్నం, పప్పు, పులుసు, చారు, పెరుగు, ఇడ్లీ, పెసరట్టు, గారె, రాగి సంకటి, జొన్నన్నం, కొర్రలు, సామలు అన్నీ నడుస్తాయి. అరిసెలు, సున్నుండలు, చెక్కిలాలు ఇంట్లో చేసుకుంటే ఇబ్బంది లేదు. ఖరీదైన గ్లూటెన్ ఫ్రీ ప్యాకెట్లు కొనమని నేను ఎవరికీ చెప్పను. కొంటే మాత్రం ప్యాకెట్ మీద ఆ మాట ఉండాలి, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లెక్కలో దానికి హద్దు కిలోకు 20 మిల్లీగ్రాముల గ్లూటెన్.

కష్టమంతా గోధుమ అని తెలియని గోధుమతో. ‘ఉప్మా తినొచ్చుగా మేడం, అది రవ్వే కదా’ అన్నారు ఆమె. బొంబాయి రవ్వ గోధుమే. సేమ్యా గోధుమే. మైసూరు బజ్జీ, కాజా, బొబ్బట్టు మైదా. పునుగులు ఇంట్లో అయితే మినప్పిండి, బండి మీద అయితే మైదా కలిపారో లేదో వాడికే తెలియాలి. హోటల్లో దోశ సంగతీ అంతే. మిర్చి బజ్జీ శనగపిండిదే, కానీ మైదా బోండాలు వేగిన నూనెలోనే అదీ వేగుతుంది. ఫ్రైడ్ రైస్‌లో సోయా సాస్, అందులోనూ గోధుమే. ‘రాగి బిస్కెట్’ అట్ట వెనక మొదటి పదార్థం మైదా.

ప్రసాదం దగ్గర ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏటా కార్తీకంలో ఇంట్లో సత్యనారాయణ వ్రతం, ఏడాదికోసారి అన్నవరం. రెండు చోట్లా గోధుమ రవ్వ ప్రసాదమే. నేను ఇంట్లో పురోహితుడిని అడగమన్నాను. బియ్యపు రవ్వతో చేసి నైవేద్యం పెట్టొచ్చని ఆయన చెప్పారట, ఆ సమస్య అక్కడితో తీరింది. గుంటూరు నుంచి వచ్చే ఇంకో రోగికి ఇదే సమస్య చర్చిలో ప్రభురాత్రి భోజనం రొట్టె దగ్గర వచ్చింది. ఆవిడ పాస్టరు గారితో మాట్లాడుకుని ద్రాక్షరసం మాత్రమే తీసుకుంటున్నారు. ఇలాంటివి డాక్టరు ముందే అడగాలి. అడగకపోతే రోగి మొహమాటపడి తినేస్తారు, మనకు చెప్పరు.

మూడు వారాల్లో ఉబ్బరం పోయింది. మూడు నెలలకు హిమోగ్లోబిన్ 11.9. ఆరు నెలలకు లివర్ ఎంజైములు వాటంతట అవే నార్మల్ అయ్యాయి. టీటీజీ మాత్రం 200 పైనుంచి 96కి వచ్చి, ఏడాదికి 88 దగ్గర ఆగిపోయింది. మొదట్లో దిగి తర్వాత కదలకపోతే ఎక్కడో గ్లూటెన్ లోపలికి వెళ్తోందని అర్థం. ఆమె ఒట్టేసి చెబుతున్నారు, గోధుమ ముట్టలేదని. నేను నమ్మాను. మా డైటీషియన్ ఆమెను వంటింట్లో ఉన్న ప్రతి డబ్బా, ప్రతి ప్యాకెట్ ఫొటో తీసి పంపమన్నారు.

మొదట దొరికింది ఇంగువ. బజారులో దొరికే కలిపిన ఇంగువలో చాలా రకాలకు గోధుమ పిండే ఆధారం, లేబుల్ మీద రాసే ఉంటుంది. చారులో, పప్పులో, పులిహోరలో, ఆవకాయలో రోజూ పడేదే. ఇంట్లో అందరూ దొంగ దొరికిందని సంబరపడ్డారు. నేను లెక్క వేసి చూశాను. చిటికెడు అంటే పావు గ్రాము అనుకుందాం. అందులో సగం గోధుమ పిండి, పిండిలో పదో వంతు గ్లూటెన్. గిన్నె మొత్తానికి 12 మిల్లీగ్రాములు, నలుగురు తింటే ఒక్కొక్కరికి 3. రోజుకు మూడు వంటకాల్లో వేసినా 10 లోపే. రోజూ 50 మిల్లీగ్రాములు పోతే పేగు దెబ్బతింటుందని పరిశోధనలు చెబుతున్నాయి. అది చపాతీలో అరవయ్యో వంతు. ఇంగువ మార్చమన్నాను, బియ్యప్పిండి ఆధారంతో చేసినవి దొరుకుతాయి, కానీ 88కి అది సరిపోయే కారణం కాదు.

అసలు కారణం ఆమె ఆరోగ్యం కోసమే తింటున్న జొన్న రొట్టెలో ఉంది. చపాతీ మానేశాక రాత్రికి జొన్న రొట్టె మొదలుపెట్టారు. జొన్నలు శుభ్రంగా చెరిగి పిండిమరకు తీసుకెళ్ళేవారు. అదే మరలో ఆమెకు ముందు ఎవరో గోధుమలు ఆడించుకుని ఉంటారు. రాళ్ళ మధ్య, గొట్టంలో, సంచీలో మిగిలిన గోధుమ పిండి జొన్న పిండిలోకి వస్తుంది. వంద గ్రాముల జొన్న పిండిలో ఒక్క గ్రాము గోధుమ పిండి కలిసినా గ్లూటెన్ 100 మిల్లీగ్రాములు. ఇంగువకు పది రెట్లు. రాగి పిండిదీ ఇదే దారి. మరవాడిని అడిగితే ‘ముందు కాస్త జొన్న వేసి కడిగేస్తాను అమ్మా’ అన్నాడట పాపం. ఆ కడుగుడు మామూలు మనిషికి చాలు, ఈ జబ్బుకు చాలదు. ఇంట్లో చిన్న పిండిమర కొనుక్కున్నారు, అందులోకి గోధుమ గింజ పోకూడదని షరతు. విడి ధాన్యం కూడా గోధుమ బస్తా పక్కన తెరిచిపెట్టిన దాంట్లోంచి కాకుండా మూసిన ప్యాకెట్ తెచ్చి, ఏరి, కడిగి, ఎండబెట్టి ఆడిస్తున్నారు. భర్త చపాతీకి పీట, కర్ర, పెనం వేరు. ఆరు నెలల తర్వాత టీటీజీ 14.

పిల్లలు

తల్లికో తండ్రికో సీలియాక్ ఉంటే పిల్లల్లో, తోడబుట్టినవాళ్ళలో సుమారు పదిమందిలో ఒకరికి ఉండే అవకాశం ఉంది. బాబుకు టీటీజీ నెగటివ్. జన్యు పరీక్ష కూడా చేయించాం, డీక్యూ2, డీక్యూ8 రెండూ లేవు కాబట్టి అతనికి ఇక పరీక్షలు అక్కర్లేదు. జన్యు పరీక్ష ఉపయోగం ఇంతవరకే. ఉంటే జబ్బుందని కాదు, మూడో వంతు జనానికి ఉంటుంది. లేకపోతే జబ్బు రాదని దాదాపు నిశ్చింతగా ఉండొచ్చు.

పాపకు పదహారేళ్ళు. విజయవాడలో ఇంటర్ చదువు, హాస్టల్. క్లాసులో అందరికంటే పొట్టి. పెద్దమనిషి కాలేదు. ‘మా అత్తగారి పోలిక, వాళ్ళింట్లో అందరూ పొట్టే’ అని తల్లి సర్దిచెప్పుకున్నారు. టీటీజీ 160, హిమోగ్లోబిన్ 9.2, బయాప్సీ మార్ష్ 3ఏ. కడుపు నొప్పని ఒక్కసారి కూడా అనలేదు ఆ పిల్ల. తల్లికి రోగం తేలకపోతే ఈ పిల్ల సంగతి ఎప్పటికి తేలేదో.

తల్లి కన్నా కూతురి వైద్యం కష్టంగా ఉంది. హాస్టల్ మెస్‌లో వారంలో సగం రోజులు టిఫిన్ పూరీ, ఉప్మా, చపాతీ. స్నేహితులతో బయటికెళ్తే నూడుల్స్, పిజ్జా. వార్డెన్‌కు ఉత్తరం రాసిచ్చాను. ‘కొంచెం తింటే ఏమవుతుందండీ’ అని ఫోన్ చేసి అడిగారు. డైటింగ్ అనుకున్నారు. రెండో ఉత్తరంలో మందు పేరు రాసే చోట ‘గోధుమ, మైదా, రవ్వ, సేమ్యా, బార్లీ లేని భోజనం’ అని రాసి, ఇదే ఆమెకు మందు, వేరే మందు లేదని కింద రాశాను. ఆ కాగితానికి విలువ వచ్చింది. పొద్దున ఇడ్లీ లేని రోజు పెరుగన్నం పెడుతున్నారు, గరిటె వేరు పెట్టారు. సెకండియర్‌కు మంగళగిరి నుంచి బస్సులో వచ్చిపోయేలా మార్చుకుందామని ఇంట్లో చర్చ నడుస్తోంది. నా సలహా కూడా అదే.

ఆరు నెలలకు పాప టీటీజీ 61, హిమోగ్లోబిన్ 11.6, ఎత్తు 3 సెంటీమీటర్లు పెరిగింది, నెలసరి మొదలైంది. తల్లికి రెండేళ్ళు నిండాక మళ్ళీ డెక్సా తీయాలి, ఏటా టీటీజీ, టీఎస్‌హెచ్, ఫెర్రిటిన్ చూడాలి. ఆమె తోడబుట్టిన ఇద్దరినీ పరీక్షకు పంపమన్నాను. చెల్లెలు వచ్చింది, నెగటివ్. అన్నగారు, ‘అన్నం తినేవాడికి గోధుమ జబ్బేంటి’ అంటున్నారట, ఇంకా రాలేదు.